మన పిల్లాడికి తెలుగు రాదా, చెవి వినపడదా? ముందు ఇది తేల్చండి

పోస్టు పెద్దది, కొంచెం ఓపికగా చదవండి. కొందరికి కోపం రావచ్చు. వస్తే కామెంట్లో తిట్టండి, కానీ పూర్తిగా చదివాక తిట్టండి.

నాది సీతంపేట ఏజెన్సీ వైపు ఒక సవర గూడ. వయసు 20. సిటీలో హాస్టల్లో ఉండి బీఏఎస్ఎల్‌పీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో పదో తరగతి దాటిందే నేను మొదటిసారి. ఈ కోర్సు ఏంటో చాలామందికి తెలీదు. వినికిడి లోపాలు, మాట లోపాలు, భాష లోపాలు పరీక్ష చేసి, వాటికి చికిత్స, శిక్షణ ఇచ్చే చదువు. మూడేళ్ళు క్లాసులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. నేను చేరినప్పుడు మా ఊళ్ళో ఒక పెద్దాయన మా అయ్యని అడిగాడు, "ఏటిరా, గుంటని మూగోళ్ళకి మాటలు నేర్పడానికి పంపావా? నర్సింగు దొరకలేదా?" అని. మా అయ్య ఏం చెప్పాలో తెలీక నవ్వేశాడు. ఆ రోజు నాకూ జవాబు తెలీదు. ఇప్పుడు తెలుసు. అదే రాస్తున్నాను.

పోయిన వారం ఈ గ్రూపులో ఒక అన్న పోస్టు పెట్టాడు. ఆశ్రమ పాఠశాలల్లో మన పిల్లల్ని మందబుద్ధి అంటున్నారు, మాట రాదు అంటున్నారు, నిజానికి వాళ్ళకి రానిది తెలుగు మాత్రమే, సొంత భాషలో అడిగితే గలగలా చెబుతారు అని. అందరం లైకులు కొట్టాం. నేనూ కొట్టాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే అన్న చెప్పింది సగం నిజం. మిగతా సగం దగ్గర మా తమ్ముడు ఉన్నాడు.

మా చిన్నాన్న కొడుకు. ఆరేళ్ళకి ఆశ్రమ పాఠశాలలో వేశారు. ఒకటో తరగతి, రెండు, మూడు, నాలుగు. వెనక బెంచీలో కూర్చుంటాడు. అల్లరి లేదు. ఏం అడిగినా నవ్వుతాడు. సారు ఏమనేవారంటే, "సవర పిల్లోడు కదా, తెలుగు రాదు, మెల్లగా వస్తాది". మేమూ అదే అన్నాం. ఇంకా గర్వంగా అన్నాం, మన భాష వాళ్ళకి రాకపోతే తప్పు వాళ్ళది అని. నాలుగేళ్ళు అలాగే పోయాయి.

నేను రెండో సంవత్సరంలో సెలవులకి ఊరెళ్ళాను. వాడు నా ఎదురుగా కూర్చుని సవరలో బాగానే మాట్లాడాడు. అంబలి తాగుతూ వాడి వెనక నుంచి పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను. పలకలేదు. భుజం తడితే తిరిగి నా పెదాల వైపు చూశాడు. మొహం వైపు కాదు, పెదాల వైపు. నాకు గుండె జారిపోయింది. పిన్నిని అడిగితే, "చిన్నప్పటి నుంచి వానాకాలం వస్తే చెవి కారుతాది, నూనె కాసి పోస్తాం, తగ్గిపోతాది" అంది. చెవిలో చీము అంత మామూలు విషయం మనకి. ముక్కు కారినట్టు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు చెవుల్లోనూ కర్ణభేరికి చిల్లు. ఆడియోమెట్రీ చేస్తే కుడి చెవి 50 డెసిబెల్స్, ఎడమ చెవి 55. అర్థమయ్యేలా చెప్పాలంటే, దగ్గర కూర్చుని మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. అంటే దగ్గర్నుంచి మొహం చూస్తూ మాట్లాడితే వాడికి ఏదో అందుతుంది. బోర్డు వైపు తిరిగి సారు చెప్పే పాఠం వెనక బెంచీలో వాడికి గొణుగుడు. ఇంట్లో అందరం ఎదురుగా, దగ్గరగా, తెలిసిన మాటలే మాట్లాడతాం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త భాష నేర్చుకోవాలంటే ప్రతి చప్పుడూ స్పష్టంగా వినపడాలి కదా. వాడికి తెలుగు రాకపోవడానికి కారణం వాడు సవర అవడం కాదు. వాడికి తెలుగు వినపడలేదు.

ఇప్పుడు చెప్పండి అన్నా, "అది భాష తేడా మాత్రమే" అన్న మాట మా తమ్ముడికి మేలు చేసిందా, కీడు చేసిందా?

ఆగండి. ఇక్కడితో ఆపితే నేను కూడా సారు పక్షం అయిపోతాను. రెండో వైపు కూడా చూడండి.

ఈ ఏడాది మమ్మల్ని ఒక చోట క్లినిక్ పోస్టింగ్‌కి వేశారు. పేరు రాయను. ఒక రోజు మా కొండల వైపు నుంచి ఒక ముసలమ్మ ఆరేళ్ళ మనవడిని తీసుకొచ్చింది. స్కూల్లో మాట్లాడడం లేదని ఎవరో పంపారు. టెస్టు తెలుగులో. బొమ్మల కార్డులు చూపించి "ఇదేంటి?" అని అడిగాం. సగం బొమ్మలు ఆ పిల్లాడు జన్మలో చూడనివి. 20 దాకా లెక్కపెట్టమంటే పన్నెండు వరకు చెప్పి, తర్వాత "పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు" అన్నాడు. మేడమ్ తప్పు అని గుర్తు పెట్టారు. కాగితం మీద "భాషాభివృద్ధి ఆలస్యం" అని రాశారు.

నాకు చెమటలు పట్టాయి. మన సవర లెక్క తెలిసినవాళ్ళకి ఇప్పటికే అర్థమై ఉంటుంది. మన పాతవాళ్ళు పన్నెండు మీద లెక్కపెడతారు. పదమూడు అంటే పన్నెండు ఒకటి. ఇరవై దాటాక ఇరవైల మీద లెక్క. ఆ పిల్లాడు అవ్వ దగ్గర నేర్చుకున్న లెక్కని సొంతంగా తెలుగులోకి మార్చి చెప్పాడు. ఆరేళ్ళ పిల్లాడు రెండు భాషల మధ్య అంత పని చేస్తే మేము సున్నా వేశాం. కారిడార్‌లోకి వచ్చి సవరలో పలకరించాను. బస్సులో వాంతి చేసుకున్న సంగతి, అవ్వ తిట్టిన సంగతి, దారిలో కోతులు చూసిన సంగతి, ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. అవ్వ నన్ను పట్టుకుని ఏడ్చింది.

లోపలికెళ్ళి మేడమ్‌కి చెప్పాను. "టెస్టు తెలుగులోనే ఉంది, మనం చూసిందే రాయాలి" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు పాఠం బాగా చెబుతారు. కానీ ఆ కాగితం ఆ పిల్లాడి వెంట స్కూలుకి వెళ్ళింది.

మాకు పుస్తకంలో నేర్పే సూత్రం ఒకటుంది. నిజంగా భాషలోపం ఉన్న బిడ్డకి అది మాట్లాడే అన్ని భాషల్లోనూ కనపడుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న భాషలో మాత్రమే కనపడితే అది లోపం కాదు. పరీక్షలో రాస్తే మార్కులు వేస్తారు. క్లినిక్‌లో పాటించాలంటే ఆ బిడ్డ ఇంటి భాష తెలిసినవాళ్ళు ఉండాలి. ఉన్నారా? నేను చదివే చోట, పోస్టింగ్‌కి వెళ్ళిన చోట్ల, సవరలో గానీ కువిలో గానీ కోయలో గానీ గోండిలో గానీ ఒక్క టెస్టు నాకు కనపడలేదు. మా బ్యాచ్‌లో ఎస్టీ నేను ఒక్కదాన్నే.

ఇంకో ముఖ్యమైన విషయం. వినికిడి పరీక్షకి భాష అక్కర్లేదు. ఓఏఈ అని ఒక పరీక్ష ఉంది. చెవిలో చిన్న గొట్టం పెడితే లోపలి చెవి పనిచేస్తోందో లేదో మిషనే చెబుతుంది. పుట్టిన బిడ్డకి నిద్రలోనే చేస్తారు. బెరా అని ఇంకోటి ఉంది. తల మీద తీగలు అంటించి, శబ్దం నరం ద్వారా మెదడు వైపు వెళ్తోందా అని చూస్తారు. కొంచెం పెద్ద పిల్లలకి ఆడియోమెట్రీ, "కూ" అని వినపడితే చెయ్యెత్తాలి, అంతే. సవర చెవికి వేరే మిషను, కమ్మరి చెవికి వేరే మిషను లేదు. కాబట్టి "ట్రైబల్ పిల్లాడు, భాష రాదు" అని చెవి పరీక్ష చేయించకపోవడానికి ఎవరికీ సాకు లేదు. సారుకీ లేదు, మనకీ లేదు.

భాష పరీక్షకి మాత్రం భాష కావాలి. అక్కడ తెలుగు కార్డులు పెట్టి మన పిల్లల మీద ముద్ర వేస్తున్నారు. అంటే భాష అక్కర్లేని చోట భాషని సాకుగా చూపిస్తున్నారు, భాష కావలసిన చోట భాషే లేకుండా పని కానిచ్చేస్తున్నారు. రెండు చోట్లా దెబ్బతినేది మన బిడ్డే. నా కోపం ఇదీ.

మన భాష సంగతి కూడా చెప్పాలి. సవరలో మాటని గొంతులో టక్కున ఆపే చప్పుడు ఒకటుంది. తెలుగులో దానికి అక్షరం లేదు. తెలుగు చెవితో వినేవాళ్ళకి పిల్లాడు ఏదో అక్షరం మింగేశాడు అనిపిస్తుంది. మా భాషలో దాన్ని "ఉచ్చారణ దోషం" అని రాస్తారు. మా భాష అంటే ఇప్పుడు నేను నేర్చుకుంటున్న డాక్టర్ల భాష. చూశారా, నేను కూడా అటు జారిపోతున్నాను.

ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. మా హాస్టల్లో కూడా వక్తృత్వ పోటీలు పెడతారు. వాడుక తెలుగు కోసం పోరాడాడని చెబుతారు. మంచిదే. కానీ ఆయన మన కొండల్లో తిరిగి, మన సవరవాళ్ళ దగ్గర కూర్చుని, మన భాష నేర్చుకున్నాడు. 1931లో సవర భాష మీద వ్యాకరణ పుస్తకం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అంతకు చాలా ముందే మన పిల్లలకి సవరలో చదువు చెప్పించాలని బడులు పెట్టించాడు. ఆ తిరుగుళ్ళలో ఆయనకి మన్యం జ్వరం పట్టింది. దానికి ఎక్కువగా వాడిన క్వినైన్ వల్ల ఆయన చెవి దెబ్బతిందని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. క్లాసులో "చెవిని పాడుచేసే మందులు" అని పాఠం వచ్చినప్పుడు క్వినైన్ పేరు చూసి నాకు ఆయనే గుర్తొచ్చాడు. మన మాట వినడానికి వచ్చి వినికిడి పోగొట్టుకున్న మనిషి. ఇప్పుడు ఇన్నేళ్ళ తర్వాత మన పిల్లల చెవిని మన మాటతో పరీక్షించడానికి ఒక మాటల జాబితా కూడా దొరకడం లేదంటే తప్పు ఎవరిది?

ఆ జాబితాలో ఉన్న మందులు కూడా తెలుసుకోండి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు కూడా చెవిని దెబ్బతీయగలవు. మలేరియా, టీబీ మన ఇళ్ళల్లో కొత్త కాదు. మందు మానేయమని అనడం లేదు, ప్రాణం ముందు. కానీ మందు వాడుతున్నప్పుడు చెవిలో గుయ్యిమని మోత వస్తే, వినికిడి తగ్గితే వెంటనే డాక్టరుకి చెప్పాలని మనవాళ్ళకి ఎవరు చెప్పారు?

ఇక మనవాళ్ళ సంగతి. గవర్నమెంటుని తిట్టడం తేలిక, నేనూ తిడతాను. కానీ మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన అసలు పేరు నాకు తెలీదు. మా అమ్మకీ తెలీదు. పుట్టుకతో వినపడదు. అందరూ "మూగోడు" అంటారు. రేషన్ కార్డులో ఏం పేరుందో ఆయన అన్న కొడుక్కి మాత్రమే తెలుసు. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు లేరా? ఒక్కసారి గుర్తు చేసుకోండి. మనల్ని పేరుతో కాకుండా "ఏజెన్సీవాళ్ళు" అని పిలిస్తే మనకి మండుతుంది. మనం ఆయన్ని ఏమని పిలుస్తున్నాం?

చెవిలో నూనె, ఆకు పసరు పోయడం మానాలి. చెవి కారుతుంటే లోపల చిల్లు ఉన్నట్టు అనుకోవాలి. పైనుంచి పోసింది ఏదైనా లోపలికి పోతుంది. ఎజ్జోడి దగ్గరికి వెళ్ళొద్దని నేను అనను. మా అమ్మ ఇప్పటికీ వెళ్తుంది. వెళ్ళండి, కోడిని ఇవ్వండి, కానీ అదే వారంలో చెవి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళండి.

కొందరు అంటారు, పరీక్షలు అంటూ మొదలుపెడితే మన పిల్లలందరికీ జబ్బుల పేర్లు అంటిస్తారు, అసలే చిన్నచూపు చూస్తున్నారు అని. ఆ భయం ఉత్తది కాదు. ఆరేళ్ళ పిల్లాడి కాగితం నేను కళ్ళారా చూశాను. కానీ దానికి విరుగుడు పరీక్ష మానేయడం కాదు. పరీక్ష చేసే కుర్చీలో మనవాళ్ళు కూర్చోవడం. మనం లేని గదిలో మన గురించి రాసే కాగితం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

పైగా చట్టం కూడా ఎవరికి ఎంతవరకు పనికొస్తుందో చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి తక్కువ అంటారు, 70 ఉంటే చెవుడు అంటారు. మా తమ్ముడికి 50, 55. అంటే చట్టం లెక్కలో వాడికి ఏ లోపమూ లేదు. సర్టిఫికెట్ రాదు. స్కూలు లెక్కలో తెలుగు రాని ట్రైబల్. మా లెక్కలో సిగ్గరి పిల్లాడు. ఏ లెక్కలోనూ దొరక్కుండా నాలుగేళ్ళు కూర్చున్నాడు. ఇప్పుడు మందులతో చెవి ఆరింది, పొర కుట్టే ఆపరేషన్‌కి డాక్టరు తారీఖు ఇస్తానన్నారు. మొదటి బెంచీలో కూర్చోబెట్టమని సారుని బతిమాలితే కూర్చోబెట్టారు. ఈ సంక్రాంతికి ఇంటికొచ్చి నాతో తెలుగులో, "అక్కా, సారు గొంతు ఇలా ఉంటాదా" అన్నాడు. నాలుగేళ్ళు అదే సారు.

అందుకే అడుగుతున్నాను. మన సంఘాలు కలెక్టరుకి, ఐటీడీఏ పీవోకి ఇచ్చే వినతిపత్రాల్లో రోడ్డు, కరెంటు, పోస్టుల భర్తీతో పాటు ఇవి కూడా రాయండి.

ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చేర్చుకునే రోజే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చెవి లోపల చూడాలి, మిషనుతో వినికిడి పరీక్ష చేయాలి. పిల్లల ఆరోగ్య తనిఖీ కోసం ఆర్‌బీఎస్‌కే పథకం 2013 నుంచి ఉంది. చెవి చీము, వినికిడి లోపం, మాట ఆలస్యం దాని జాబితాలోనే ఉన్నాయి. కొత్త చట్టం అడగడం లేదు, ఉన్నదాన్ని సరిగ్గా చేయమంటున్నాం. కొండ మీది ఆసుపత్రిలో కాన్పయినా బిడ్డకి చెవి పరీక్ష జరగాలి. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు అని మాకు పాఠంలో చెబుతారు. మా తమ్ముడి విషయంలో తేలేసరికి వాడికి పదేళ్ళు.

బిడ్డ ఇంటి భాషలో మాట్లాడించి చూడకుండా "భాషలోపం" అని ఎవరూ రాయకూడదు. మాట్లాడించడానికి మన భాష తెలిసిన మనిషిని పెట్టాలి. ఆశా కార్యకర్త అయినా, డిగ్రీ చదివిన మన పిల్లలైనా పర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఒకప్పుడు ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వేశారు. అందులో మన బొమ్మలు ఉన్నాయి, మన మాటలు ఉన్నాయి. వాటితో టెస్టు కార్డులు తయారు చేయడం మొదలుపెట్టడానికి ఏం అడ్డం?

చివరిది మనకి. ఇంటర్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, బైపీసీ అయినా ఎంపీసీ అయినా ఈ కోర్సుకి పనికొస్తుంది. మైసూరులో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కేంద్ర సంస్థల్లో మనకి 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఏ కాలేజీలో చేరినా ముందు దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చదివాక పని చేయడానికి రిజిస్ట్రేషన్ రాదు. చదువు కష్టమే. మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకం చూసి బాత్రూంలో ఏడ్చాను. శబ్దం గురించి ఫిజిక్సు, చెవి గురించి అనాటమీ, భాష గురించి లింగ్విస్టిక్సు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. కానీ లింగ్విస్టిక్సులో మాత్రం నేను ముందుంటాను. మిగతావాళ్ళు పుస్తకంలో చదివే చప్పుళ్ళు మా అమ్మ నోట్లో రోజూ విన్నాను.

ఊరికే లైకు కొట్టి వెళ్ళిపోకండి. ఒక పని చేయండి. సవర, జాతాపు, కువి, కోయ, గోండి, కొలామి, లంబాడీ, ఏ భాషవాళ్ళయినా సరే, మీ ఊళ్ళో నాలుగైదేళ్ళ బిడ్డకి కచ్చితంగా తెలిసిన రెండక్షరాల మాటలు పాతిక రాసి కింద పెట్టండి. బిడ్డ నోట్లోంచి వచ్చేవి పెట్టండి, పుస్తకంలోవి వద్దు. దాంతో టెస్టు తయారైపోదు. తర్వాత చాలా పని ఉంటుంది, పెద్ద చదువు చదివినవాళ్ళు కూర్చోవాలి, ఎంతోమంది పిల్లల మీద సరిచూడాలి. నాకు తెలుసు. కానీ మొదలు పెట్టాలంటే ముందు మాటలు కావాలి, ఆ మాటలు మన దగ్గర తప్ప ఎక్కడా లేవు.

ఈ వారం ఇంటికెళ్ళేవాళ్ళు ఇంకో పని చేయండి. మీ ఇంట్లో చిన్నపిల్లల్ని వెనక నుంచి, మెల్లగా, మన భాషలో పేరు పెట్టి పిలవండి. తిరిగి చూస్తే సంతోషం. చూడకపోతే "సిగ్గు ఎక్కువ" అనకండి, "తెలుగు రాదు" అనకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆ పెద్దాయన మళ్ళీ అడిగితే మా అయ్య ఏం చెప్పాలో ఫోన్‌లో చెప్పాను. "మూగోళ్ళకి మాటలు నేర్పడానికే కాదు, మన మాట వినపడనోళ్ళకి వినపడేలా చెయ్యడానికి కూడా" అని. మా అయ్య అంత పొడుగు చెప్పలేనన్నాడు. సరే, నేనే వచ్చి చెబుతానన్నాను.

జోహార్.